పొగగొట్టాల లెక్క

అమ్మాయి వాళ్ళు లండన్‌కి దక్షిణాన క్రోయిడన్‌లో ఉంటారు. మేం వచ్చి మూడు వారాలైంది. చూడమని అందరూ చెప్పేవన్నీ మొదటి రెండు వారాల్లోనే చూసేశాం. ఆ తర్వాత పగలంతా కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి పిల్లిని చూడటమే పనైంది. నాది కొవ్వూరు. పంచాయతీరాజ్‌లో ముప్పై ఏళ్ళు ఇంజనీరు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇటుక గోడ కనబడితే చెయ్యి పెట్టి తడిమి చూడకుండా కదలనని మా ఆవిడ ఫిర్యాదు. ఈ దేశంలో ఆ ఫిర్యాదు రోజుకి పదిసార్లు వినాల్సి వస్తోంది.

మొదటి రోజు: క్రోయిడన్

కూరగాయలకని వెళ్ళాం. బజారు మధ్యలో, ట్రాములు మలుపు తిరిగే చోట, గాజు షాపుల పక్కన ఒక పాత ఎర్ర ఇటుకల కట్టడం కనబడింది. బోర్డు మీద హాస్పిటల్ అనే మాట చూసి పాత ఆస్పత్రి అనుకున్నాను. అమ్మాయి నవ్వింది. "ఆస్పత్రి కాదు నాన్నా, ఆల్మ్స్‌హౌస్. దిక్కులేని పెద్దవాళ్ళ కోసం కట్టిన ఇళ్ళు. అప్పట్లో హాస్పిటల్ అంటే ఆశ్రయం ఇచ్చే చోటని అర్థం."

ఇంగ్లండ్ చర్చికి పెద్ద అయిన క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్ జాన్ విట్‌గిఫ్ట్ దీన్ని 1596లో మొదలుపెట్టి 1599కి పూర్తి చేయించాడు. మధ్యలో చదరం వాకిలి, చుట్టూ గదులు. మన చావడి ఇల్లే, కాకపోతే మండువాలో వర్షం నీళ్ళకి బదులు పచ్చగడ్డి. రోడ్డు వెడల్పు చేయడానికి దీన్ని కూలగొట్టబోతే 1923లో పార్లమెంటు పెద్దల సభ అడ్డుపడి ఆపిందట. ఇప్పటికీ ఇందులో పెద్దవాళ్ళు ఉంటున్నారు. ఇటుకలు మనవాటికంటే పల్చన. ట్యూడర్ రాజుల కాలం, అంటే పదహారో శతాబ్దం, ఇటుకలు అలాగే ఉంటాయని ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది.

మా ఆవిడ ఇటుకలు చూడలేదు. తల పైకెత్తి కప్పు వైపు చూసి, "ఏమండీ, అన్ని పొగగొట్టాలేమిటి? పొయ్యి ఎవరిది వాళ్ళకేనా?" అంది.

ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మా అత్తగారికి నలుగురు కొడుకులు. వంతుకి మూడు నెలలు. ఎవరూ సరిగ్గా చూడలేదని చెప్పలేను, బాగానే చూశారు. కానీ చివరి పదేళ్ళలో ఆవిడ తన పొయ్యి మీద తను కాఫీ కాచుకున్నది లేదు.

ఈ ఇళ్ళని తెలుగులో ఏమనాలో ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. సత్రమంటే బాటసారులది, మూడు రోజులుండి పోవాలి. వృద్ధాశ్రమమంటే వరసగా మంచాలు, గంట కొడితే భోజనం. ఇది రెండూ కాదు. ఎవరి తలుపు వాళ్ళది, ఎవరి పొయ్యి వాళ్ళది, ఇల్లు మాత్రం ధర్మానిది. మాట దొరకలేదు కాబట్టి ఆల్మ్స్‌హౌస్ అనే రాస్తాను. అల్లుడుగారు ఫోన్‌లో వెదికి, ఇలాంటివి ఇంగ్లండ్‌లో వందల ఊళ్ళలో ఉన్నాయనీ, వాటిలో చాలా విక్టోరియా రాణి కాలంలో (1837-1901) కట్టినవో తిరగకట్టినవో అనీ చెప్పారు. అలా మా టూరు ప్రోగ్రామ్ తయారైంది.

రెండో రోజు: పెంజ్

వెస్ట్ క్రోయిడన్‌లో ఓవర్‌గ్రౌండ్ రైలెక్కి పెంజ్ వెస్ట్‌లో దిగాలి. కబుర్లలో పడి ఒక స్టేషన్ ముందే, ఆనర్లీలో దిగిపోయాం. నడుచుకుంటూ పోయాం. చిన్న ఊరే, లండన్ మింగేసింది.

హై స్ట్రీట్ మీదే రాయల్ వాటర్‌మెన్స్ ఆల్మ్స్‌హౌసెస్. 1840-41లో కట్టారు. జార్జ్ పోర్టర్ ఆర్కిటెక్టు. మూడు వైపులా ఇళ్ళ వరస, నాలుగో వైపు రోడ్డుకి తెరిచిన పచ్చిక. మధ్య భాగం చిన్న కోటలాగా పైకి లేస్తుంది. కోణాల గోడలు, రాతి చట్రాల కిటికీలు, ఎత్తయిన పొగగొట్టాలు. అంతా ట్యూడర్ వేషం. అంటే విక్టోరియా కాలం వాళ్ళు రెండు మూడు వందల ఏళ్ళ నాటి రూపాన్ని కావాలని తెచ్చి కట్టారు. ఆవిరి యంత్రాలు, ఫ్యాక్టరీలు వచ్చి ఊళ్ళు మసిబారుతున్న రోజుల్లో, పాతకాలంలో ధనికులు పేదల్ని బాగా చూసుకునేవాళ్ళన్న ఒక కల వాళ్ళకి ఉండేది. ఆ కలని ఇటుకలో పెట్టారు. నిజంగా పాతకాలం అంత బాగుందా అంటే, అది వేరే సంగతి.

వాటర్‌మెన్ అంటే థేమ్స్ నదిలో మనుషుల్ని దాటించే పడవవాళ్ళు. సరుకు మోసేవాళ్ళని లైటర్‌మెన్ అంటారు. ఇద్దరికీ కలిపి ఒక సంఘం. ఏడేళ్ళు శిష్యరికం చేస్తేగాని సంఘంలో పూర్తి సభ్యుడిగా చేర్చుకునేవాళ్ళు కాదు. 1817లో వాటర్‌లూ వంతెన, 1819లో సదర్క్ వంతెన, 1831లో కొత్త లండన్ వంతెన వచ్చాయి. వాటికి తోడు స్టీమర్లు. పడవ ఎక్కేవాడు తగ్గిపోయాడు. చేతులు అరిగిపోయిన ముసలి సరంగులకి దిక్కెవరు? జాన్ డ్యూడిన్ బ్రౌన్ అనే ఆయన, నది ఒడ్డున సరుకుల రేవు నడిపి గడించినవాడు, పెంజ్‌లో స్థలం ఇచ్చాడు. ఇళ్ళు లేచాయి.

ఇది చదువుతూ అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. మా కొవ్వూరు రేవులోనూ ఇదే కథ. 1974లో రోడ్డు-రైలు వంతెన తెరిచాక రాజమండ్రి లాంచీలు ఒక్కొక్కటీ ఒడ్డెక్కాయి. మా వీధిలో ఉండే సరంగు తాత తర్వాత సోడాలు అమ్ముకున్నాడు. వంతెన ప్రారంభానికి మేమంతా చప్పట్లు కొట్టాం, ఆయన కూడా కొట్టాడు.

గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. లేత పసుపు ఇటుక. లండన్ ఇటుకకి ఆ రంగు రావడానికి కారణం మట్టిలో కలిపే సుద్ద. దానితో పాటు ఊళ్ళో పొయ్యిల్లోంచి ఎత్తిన బూడిదా బొగ్గుపొడీ జల్లించి మట్టిలోనే కలిపేవాళ్ళు. బట్టీలో పెట్టాక ఇటుక లోపలినుంచి కూడా కాలుతుంది, బయటి బొగ్గు ఖర్చు తగ్గుతుంది. మా గోదావరి జిల్లాల్లో మట్టిలో ఊక కలిపే పని గుర్తొచ్చింది. మనది ధాన్యపు మరలో మిగిలింది, వాళ్ళది వంటింట్లో మిగిలింది.

నేను ఇటుక మీద గోరు పెట్టి గీస్తుంటే కుండీలకి నీళ్ళు పోస్తున్న ఒక పెద్దాయన వచ్చి, గోడ పడిపోతుందేమోనని చూస్తున్నారా అని అడిగాడు. సివిల్ ఇంజనీర్నని చెప్పాక ఆయన ముఖంలో టెన్షన్ ఇంకా పెరిగింది. ఇవిప్పుడు ధర్మపు ఇళ్ళు కావు. పడవవాళ్ళని 1973లో సముద్రం ఒడ్డునున్న హేస్టింగ్స్‌కి మార్చేశారు. ఇక్కడి ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళవి.

రెండు వీధుల అవతల ఇంకొకటి ఉంది, కింగ్ విలియం నావల్ అసైలం. చిన్నది, నా కంటికి దీనికంటే అందమైనది. నాలుగో విలియం రాజు కుర్రతనంలో నౌకాదళంలో పనిచేసినవాడు. ఆయన పోయాక భార్య అడిలేడ్ రాణి తన డబ్బుతో 1847లో కట్టించింది. నౌకాదళ అధికారుల భార్యల్లో భర్తలు పోయినవాళ్ళు పన్నెండుమందికి పన్నెండిళ్ళు. ఫిలిప్ హార్డ్‌విక్ గీశాడు. లండన్ యూస్టన్ స్టేషన్ ముందు గొప్ప రాతి తోరణం కట్టిన ఆర్కిటెక్టు ఆయనే. ఆ తోరణాన్ని 1960ల మొదట్లో పడగొట్టేశారు. ఈ పన్నెండిళ్ళు మాత్రం ఉన్నాయి.

1847 అనే అంకె దగ్గర ఆగాలి. 1834లో ఇంగ్లండ్ పేదల చట్టం మార్చి, సాయం కావాలంటే వర్క్‌హౌస్‌కి రావాలంది. అది పని చేయించుకుని తిండి పెట్టే చోటు. బయట అతి తక్కువ కూలి చేసేవాడి బతుకు కంటే లోపలి బతుకు హీనంగా ఉండాలన్నది రాసుకున్న సూత్రమే. మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు. నలభై ఏళ్ళు కాపురం చేసిన ముసలి దంపతులనైనా సరే విడదీసేవాళ్ళు. అరవై దాటిన మొగుడూ పెళ్ళాల్ని బలవంతంగా వేరు చేయకూడదని చట్టంలో చేర్చింది 1847లో. పన్నెండుమందికి విడివిడి తలుపులు కట్టిన ఏడాదీ అదే. ఇది చెబితే మా ఆవిడ, "అంటే మనకి వర్క్‌హౌస్ రాసిపెట్టుంటే మీరక్కడ, నేనిక్కడానా" అని కాసేపాగి, "ఆ గురక అయినా తప్పేది" అంది.

మూడో రోజు: హాక్స్‌టన్

అదే రైలు లైను, ఈసారి ఉత్తరానికి. హాక్స్‌టన్ స్టేషన్‌లోంచి బయటికి రాగానే ఎదురుగా మ్యూజియం ఆఫ్ ది హోమ్. ఇదీ ఒకప్పుడు ఆల్మ్స్‌హౌసే, విక్టోరియాకి చాలా ముందుది, 1714 నాటిది. సర్ రాబర్ట్ జెఫ్రీ రాసిపోయిన డబ్బుతో ఇనుప వర్తకుల సంఘం కట్టించింది. 14 ఇళ్ళు, మధ్యలో ప్రార్థన మందిరం, ముందు పెద్ద తోట. ఇంత దూరం వచ్చిందెందుకంటే, ఇక్కడ ఒక ఇంటిని లోపలికి తీసుకెళ్ళి చూపిస్తారు. అన్ని రోజులూ కాదు, టూరు ఉన్న రోజు చూసుకుని రావాలి.

ఒకే మెట్ల దారి, దానికి అటూ ఇటూ గదులు. మనిషికి ఒక గది. అందులోనే మంచం, బల్ల, కుర్చీ, పొయ్యి. ఒక గదిని 1780ల నాటిలాగా, ఇంకో దాన్ని 1880ల నాటిలాగా అమర్చారు. నూరేళ్ళ తేడాలో గోడలు కదల్లేదు, సామాను మాత్రం పెరిగింది. విక్టోరియా కాలం గదిలో బొమ్మలు, పటాలు, గుడ్డలు, ఖాళీ అంటూ లేదు. మా ఆవిడ పొయ్యి ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. గైడు తర్వాతి గదికి వెళ్ళిపోయింది. "పది అడుగుల్లో అన్నీ అందుతున్నాయి" అంది చివరికి. కిటికీ వెడల్పు కొలుద్దామని టేపు తీశాను. ముట్టుకోవద్దన్నారు.

గుమ్మం పైన జెఫ్రీ విగ్రహం ఉంది. ఆయన లండన్ మేయరు. మనుషుల్ని ఆఫ్రికానుంచి బానిసలుగా పట్టి అమ్మే వ్యాపారంలోనూ ఆయన డబ్బుంది. 2020లో విగ్రహం తీసేద్దామా అని జనాన్ని అడిగితే ఎక్కువమంది తీసేయమన్నారు. మ్యూజియం వాళ్ళు ఉంచేసి, పక్కన చరిత్ర చెప్పే పలక పెట్టారు. మన గుళ్ళలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాస్తారు, ఆ డబ్బు ఎలా వచ్చిందో రెక్క మీద చోటు చాలదు. ఇక్కడ కనీసం చోటు చేశారు. నన్నడిగితే విగ్రహం కిందికి దించి అదే పలక పక్కన నిలబెడితే సరిపోయేది.

చుట్టూ ఊరు ఇరుకైపోయాక సంఘం ఈ స్థలాన్ని అమ్మేసి తన పెద్దవాళ్ళని వేరే చోటికి తరలించింది. 1914లో ఇది మ్యూజియం అయింది. అప్పటికి ఈ పేటంతా బల్లలు, బీరువాలు చేసే వడ్రంగులదే.

నాలుగో రోజు: వాన

ఎక్కడికీ వెళ్ళలేదు. పకోడీలు వేసుకుని తిన్నాం. ఇటుకల సంగతి కొంత ఇక్కడే రాసేస్తాను.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అప్పులు తీర్చడానికి ఇంగ్లండ్ 1784లో ఇటుకల మీద పన్ను వేసింది. వెయ్యికి రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు. లెక్క ఇటుకకి కాబట్టి బట్టీలవాళ్ళు ఇటుక పెద్దది చేశారు. సర్కారు తెలుసుకుని పెద్ద ఇటుకకి రెట్టింపు పన్ను వేసింది. ఏ దేశమైనా కాంట్రాక్టరూ ఆడిటరూ ఇంతే. 1850లో పన్ను ఎత్తేశారు. మరుసటేడు కిటికీల మీద పన్ను కూడా పోయింది. పెంజ్‌లో చూసినవి రెండూ పన్ను రోజుల్లో కట్టినవే. ఆ తర్వాత కట్టినవాటిలో కిటికీలు పెద్దవయ్యాయి, ఇటుకలతో ఆటలూ పెరిగాయి. ఎర్ర గోడలో బాగా కాలి నల్లబడ్డ ఇటుకల తలల్ని, అంటే పొట్టి వైపుల్ని, ఏరి వజ్రాల ముగ్గులా పేర్చడం, పసుపు గోడకి ఎర్ర పట్టీలు తీయడం లాంటివి. ఏ మట్టి ఉన్న ఊళ్ళో ఆ రంగు ఇల్లు కట్టే రోజులు పోయి, రైలు మీద ఏ ఊరి ఇటుకైనా ఏ ఊరికైనా చేరింది.

పాలిటెక్నిక్‌లో ఇటుకలు పేర్చే పద్ధతులు, ఇంగ్లిష్ బాండ్, ఫ్లెమిష్ బాండ్ బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్న తరం మాది. ఒక వరసంతా పొడుగు, పై వరసంతా తలలు పెడితే ఇంగ్లిష్. ఒకే వరసలో ఒకటి పొడుగు, ఒకటి తల పెడితే ఫ్లెమిష్. సర్వీసులో ఫ్లెమిష్ గోడ ఒక్కటీ కట్టించలేదు. ప్లాస్టరింగ్ వెనక ఏ బాండైతే ఎవరికి కావాలి? ఇక్కడ ప్లాస్టరింగ్ లేదు. మేస్త్రీ పనితనమంతా వీధిలోనే ఉంటుంది, నూట డెబ్భై ఏళ్ళుగా. మన ఊళ్ళ బయట పొగగొట్టంతో కనిపించే పొడుగాటి ఇటుక బట్టీ కూడా ఆ కాలందే. బుల్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1876లో రూపొందించాడు, అందుకే దాన్ని బుల్స్ ట్రెంచ్ కిల్న్ అంటాం.

ఐదో రోజు: మైల్ ఎండ్, పాప్లర్

వైట్‌చాపెల్‌లో దిగి నడిస్తే ట్రినిటీ గ్రీన్ అనే ఆల్మ్స్‌హౌస్. 1695 నాటిది. రోడ్డు వైపు గోడల మీద చిన్న చిన్న ఓడ బొమ్మలున్నాయి. రాతి పలక మీద ఇవి 28 మంది ఓడ కెప్టెన్లకో, వాళ్ళు పోయాక వాళ్ళ భార్యలకో అని రాసి ఉంది. ఆ కెప్టెన్లకి వాడిన మాటకి మన మాట 'చితికిపోయిన'. ఎవరో రాతి మీద అంత సూటిగా చెక్కించారు. 1890లలో దీన్ని పడగొట్టబోతే సి. ఆర్. ఆష్‌బీ అనే ఆర్కిటెక్టు గట్టిగా పోరాడి ఆపాడు. లండన్ పాత కట్టడాలన్నిటినీ కొలిచి పుస్తకాలకెక్కించే సర్వే ఆఫ్ లండన్ ఆ గొడవలోంచే పుట్టింది. కొలతలు తీసి రాసిపెట్టినవాడి వల్ల ఒక కట్టడం బతికిందంటే నాలాంటివాడికి కాస్త గర్వంగానే ఉంటుంది.

అక్కడినుంచి పాప్లర్ వెళ్ళింది నా పట్టుదల మీద. ఈస్టిండియా కంపెనీ తన ఓడల్లో దెబ్బతిన్న నావికులకి, వాళ్ళు పోయాక వాళ్ళ భార్యలకి ఇక్కడ ఆల్మ్స్‌హౌస్ నడిపింది. 1611లో మచిలీపట్నంలో కోఠీ పెట్టి మన అద్దకం బట్టలు ఓడలకెత్తిన కంపెనీయే. ఆ ఇళ్ళు ఇప్పుడు లేవు. 1858లో కంపెనీ పాలన పోయాక, 1860లలో పడగొట్టి పార్కు చేశారు. వాళ్ళ మతగురువు కోసం కట్టిన ఇల్లు మెరిడియన్ హౌస్ మాత్రం మిగిలింది, నెత్తిన కంపెనీ చిహ్నంతో సహా. పక్కనే 1654 నాటి వాళ్ళ ప్రార్థన మందిరం. లోపలి స్తంభాలు ఓడ కొయ్యలని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కొవ్వూరు కలప అడితిల్లో పెరిగినవాణ్ణి కనుక తట్టి చూద్దామనుకున్నాను. తలుపు మూసి ఉంది.

పార్కులో బెంచీ మీద పులిహోర తిన్నాం. మచిలీపట్నం బట్టలతో వచ్చిన లాభంలో కొంచెమైనా ఇక్కడి ఇటుకల్లోకి చేరే ఉంటుంది. ఆ బట్ట నేసిన సాలెవాడు ముసలివాడయ్యాక వాడికి ఎవరేం కట్టారు అని మా ఆవిడ అడిగింది. నేను డబ్బా మూత పెట్టాను.

ఆరో రోజు: బర్మింగ్‌హామ్, బోర్న్‌విల్

యూస్టన్‌నుంచి గంటన్నర. న్యూ స్ట్రీట్‌లో లోకల్ రైలు మారి బోర్న్‌విల్‌లో దిగితే ప్లాట్‌ఫారమంతా చాక్లెట్ కాగితపు ఊదారంగు. క్యాడ్‌బరీ వాళ్ళ ఊరు. మేరీ వేల్ రోడ్డులో రిచర్డ్ క్యాడ్‌బరీ కట్టించిన ఆల్మ్స్‌హౌస్, విక్టోరియా కాలం చివరిది. యూవన్ హార్పర్ ఆర్కిటెక్టు. 1898కి పూర్తయింది. మరుసటి ఏడాదే రిచర్డ్ జెరూసలేం యాత్రలో చనిపోయాడు.

చదరపు పచ్చిక చుట్టూ 33 చిన్న ఎర్ర ఇటుకల ఇళ్ళు. మెట్లు ఎక్కే పని లేదు. పెంజ్‌లో కట్టినవాళ్ళు వీధికి ముఖం గొప్పగా కనబడాలని చూశారు. ఇక్కడ ఇళ్ళన్నీ వీధికి వీపు తిప్పి, ఒకరి గుమ్మం ఒకరికి కనబడేలా లోపలికి తిరిగాయి. ఆ అరవై ఏళ్ళలో నాకు కనిపించిన తేడా ఇదే. డబ్బు విషయంలో రిచర్డ్ నిక్కచ్చి వ్యాపారి. పక్కనే మరికొన్ని ఇళ్ళు కట్టించి, వాటి అద్దె ఈ ఇళ్ళ ఖర్చుకి రాసేశాడు. మన గుడి మాన్యం ఏర్పాటే. కాకపోతే ఈ మాన్యం ఇంకా మాన్యంగానే ఉంది.

కడుతున్నప్పుడు ఈ దేశంలో వృద్ధులకి పింఛను లేదు. 1908లో చట్టం వచ్చి, 1909 జనవరి 1 నుంచి డెబ్భై దాటిన పేదలకి వారానికి అయిదు షిల్లింగులు ఇవ్వడం మొదలైంది. పింఛను వచ్చాక ఆల్మ్స్‌హౌసులు మూతపడాలి కదా అనుకున్నాను. పడలేదు. ఇప్పటికీ సుమారు 1,600 ట్రస్టులు 30 వేల ఇళ్ళు నడుపుతున్నాయి, 36 వేలమంది వాటిలో ఉంటున్నారు. కట్టేదాన్ని అద్దె అనరు, నిర్వహణ ఖర్చులో వాటా అంటారు.

గేటు దగ్గరే నిలబడి చూశాం, లోపల మనుషులుంటున్నారు కాబట్టి. ఒక పెద్దావిడ గుమ్మంలోంచి మా ఆవిడ చీర చూసి చెయ్యి ఊపింది. మా ఆవిడ కూడా ఊపింది. ఇద్దరికీ మాట్లాడుకునే భాష లేదు. ఆవిడ తన తలుపు చూపించింది, తర్వాత చేత్తో కప్పు పట్టుకున్నట్టు చూపించి రమ్మంది. మా ఆవిడ నావైపు చూసింది. రైలుకి నలభై నిమిషాలుంది.

"నేను పొగగొట్టాలు లెక్కబెడుతుంటాను, నువ్వెళ్ళు" అన్నాను.

ఇరవై నిమిషాల తర్వాత వచ్చింది. టీలో పాలు ఎక్కువయ్యాయట, పొయ్యి కరెంటుదట. పొగగొట్టాలు ఎన్నని అడిగింది. చెప్పాను. లోపలినుంచి తను లెక్కబెడితే రెండు ఎక్కువొచ్చాయంది. యూస్టన్ వచ్చేదాకా ఆ రెండింటి దగ్గరే వాదించుకున్నాం. నోట్‌బుక్‌లో ఆ గడి ఖాళీగానే ఉంది.